పొగగడ్డం గడ్డం ఎటు పోయింది?

“ఏంటీ, గడ్డం ఇచ్చేశాడా?”

ఇస్త్రీ బాబాయి ఇస్త్రీపెట్టెను గాల్లోకి ఎత్తి అలాగే నిలబడిపోయాడు. బల్ల మీద స్కూలు నిక్కరు ఒకటి సగం మడతలతో ఆగిపోయింది.

“ఆఁ. మొత్తం ఇచ్చేశాడు,” అంది రేడియో. పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఎత్తితే మొహం చూసి కనిపెట్టేస్తారని భయం.

“గడ్డం ఇస్తే మంత్రం పనిచేస్తుందా?” గుండీల అక్క పళ్ళ మధ్య దారం పట్టుకునే అడిగింది.

“చాలా పొడుగు గడ్డం కదా అక్కా. సరిపోయింది.”

గదిలో అందరూ నవ్వారు. పెద్దబల్ల దగ్గర గుడ్డ కత్తిరిస్తున్న మాస్టర్ తాత మాత్రం నవ్వలేదు. “ఊఁ” అని ఊరుకున్నాడు.

ఈ పిల్లకు బడిలో వేరే పేరుంది. కుట్టుగదిలో మాత్రం అందరికీ రేడియోనే. పదేళ్ళుంటాయి. బడి వదలగానే పుస్తకాల సంచీతో సహా ఇక్కడికే వచ్చేస్తుంది. వాళ్ళమ్మ కిటికీ పక్క మిషన్ మీద స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఇదివరకు ఆ గదిలో నిజం రేడియో ఒకటి ఉండేది. ఒకరోజు అది గురగురమని, ఖళ్ళుఖళ్ళున దగ్గి, మూగబోయింది. చేతులకు పనుంది గానీ చెవులకు ఏమీ తోచలేదు. అప్పుడు ఈ పిల్ల లైబ్రరీ పుస్తకం తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. అంతే. ఆ రోజు నుంచి సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి అందరూ గుమ్మం వైపు చూస్తారు.

ఇప్పుడు చదువుతున్నది బాగా లావు పుస్తకం. అందులో కత్తిపిల్ల అని ఒక వీరురాలు ఉంది. ఆమె వెంట పొగగడ్డం అనే ముసలి మాంత్రికుడు ఉన్నాడు. ఆయన ఎంత గొప్ప మాంత్రికుడో అంత మతిమరుపు మనిషి. డ్రాగన్‌ని కప్పగా మార్చేస్తాడు గానీ, చెప్పులు ఎక్కడ విడిచాడో మర్చిపోతాడు. టోపీ నెత్తిన పెట్టుకుని టోపీ కోసం కోటంతా గాలిస్తాడు.

మాస్టర్ తాతకు పొగగడ్డమంటే ప్రాణం. పోయిన ఏడాది ఆయన భార్య, మామ్మ, చనిపోయాక ఆయన పనికి వచ్చేవాడు, గుడ్డ కత్తిరించేవాడు, వెళ్ళిపోయేవాడు. ఎవరితోనూ మాట కలిపేవాడు కాదు. పొగగడ్డం టోపీ కోసం వెతికిన రోజున మాత్రం పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని అమ్మ ఆశ్చర్యంతో మిషన్ ఆపేసింది.

ఆయన రేడియోకు ఒక షరతు పెట్టాడు. “ముందుగా ఇంట్లో చదివేసి రావద్దు తల్లీ. నవ్వొచ్చినా, భయమేసినా అందరికీ ఒకేసారి రావాలి.”

“ఒట్టు తాతా!” అంది రేడియో.

ఆ ఒట్టు ఆదివారం దాకానే నిలిచింది. ఆదివారం పొద్దున మంచం మీద బోర్లా పడుకుని ‘ఒక్క పేజీ’ అనుకుంది. ఒక్క పేజీ కాస్తా ఒక అధ్యాయం అయింది.

ఆ అధ్యాయంలో రాతి రాణి కత్తిపిల్లను మెడ దాకా రాయిగా మార్చేసింది. ఆమెను విడిపించే మంత్రం పొగగడ్డం ఒక్కడికే తెలుసు. కానీ ప్రతి మంత్రమూ ఆయన జ్ఞాపకాల్లో ఒకదాన్ని తినేస్తుందట! ఇన్నాళ్ళ మతిమరుపుకు కారణం అదే. చెప్పులు, టోపీలు, సొంత ఊరు, కన్నతల్లి పేరు... అన్నీ ఎవరో ఒకరిని కాపాడడానికే ఖర్చయిపోయాయి. ఇప్పుడు ఆయన దగ్గర మిగిలింది ఒక్కటే జ్ఞాపకం. అది కత్తిపిల్ల.

ఆయన మంత్రం చదివాడు. రాయి పగిలింది. కత్తిపిల్ల పరుగెత్తుకొచ్చి ఆయన్ని వాటేసుకుంది. ఆయన ఆమె వైపు మర్యాదగా చూసి, “ఎవరమ్మా నువ్వు?” అని అడిగాడు.

రేడియో వెక్కి వెక్కి ఏడ్చింది. దిండు తడిసిపోయింది. ఏడుపు ఆగాక ఆమెకు మామ్మ గుర్తొచ్చింది.

మామ్మకు చివరి రోజుల్లో ఏదీ గుర్తుండేది కాదు. అమ్మతో కలిసి చూడడానికి వెళ్ళినప్పుడు రేడియో తన కళ్ళతో చూసింది. మామ్మ తాత వైపు తిరిగి, “మీరెవరండీ?” అంది. తాత ఏదో జవాబు చెప్పి, నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళాడు. అక్కడ చాలాసేపు కుళాయి తిప్పి ఉంచాడు. ఒక్క గిన్నె కూడా కడగలేదు.

‘అమ్మో! ఇది తాతకు చదివి వినిపించడమా? చచ్చినా వినిపించను,’ అనుకుంది రేడియో.

అందుకే సోమవారం సాయంత్రం పొగగడ్డం జ్ఞాపకానికి బదులు గడ్డం పోగొట్టుకున్నాడు.

అబద్ధం చెప్పడం తేలికే. దాన్ని మేపడమే కష్టం. మంగళవారం రేడియో చదువుకుంటూ పోతోంది. “పొగగడ్డం గడ్డం నిమురుకుంటూ...”

“ఏ గడ్డం?” అన్నాడు ఇస్త్రీ బాబాయి.

రేడియో తల గీరుకుంది. “అది... అలవాటు కదా బాబాయ్. గడ్డం లేకపోయినా గాల్లోనే నిమురుకున్నాడు.”

“పాపం!” అంది గుండీల అక్క.

బుధవారం పొగగడ్డం ఒక ఉత్తరాన్ని గడ్డంలో దాచుకున్నాడు. రేడియో గబుక్కున టోపీలో పెట్టించింది. పేజీ తిప్పితే ఆ గడ్డంలోనే ఒక పిచ్చుక గూడు కట్టుకుంది. రేడియో ఆ పిచ్చుకను మూడు పేజీలతో సహా ఎగరగొట్టేసింది.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఆ మంత్రం తర్వాత పొగగడ్డానికి కత్తిపిల్ల రాత్రి దాటితే గుర్తుండదు; అందుకని పుస్తకంలో ఇప్పుడు ప్రతి రోజూ తెల్లారగానే కత్తిపిల్ల, పొగగడ్డం మళ్ళీ కొత్తగా పరిచయం చేసుకుంటున్నారు. పోయింది గడ్డమేనని చెప్పాక అవన్నీ ఎలా చదువుతుంది? వాటినీ వదిలేసింది. ఇరవై పేజీల అధ్యాయం ఏడు పేజీల్లో అయిపోయింది.

“ఏంటే రేడియో, ఈ మధ్య కథ మరీ బక్కచిక్కిపోయింది?” అంది అమ్మ.

“రాసినాయన తొందరలో ఉన్నట్టున్నాడమ్మా,” అంది రేడియో.

తాత నవ్వడం మానేశాడు. గురువారం రేడియో చదువుతుంటే మధ్యలో లేచి మంచినీళ్ళకు వెళ్ళాడు. ఇదివరకు అధ్యాయం అయ్యేదాకా కాలు కదిపేవాడు కాదు.

శుక్రవారం గుండీల అక్క బొమ్మలు చూద్దామని పుస్తకం అందుకుంది. రెండు పేజీలు తిప్పి ఒక్క కేక పెట్టింది. “ఇదిగో! ఈయన గడ్డం మోకాళ్ళ దాకా ఉందే!”

ఇస్త్రీ బాబాయి పరుగున వచ్చాడు. అమ్మ కూడా లేచి వచ్చి తొంగిచూసింది. నిజమే. రాతి రాణి కోట దాటాక కూడా పొగగడ్డం మొహాన బ్రహ్మాండమైన గడ్డం ఉంది. అందులో పిచ్చుక కూడా ఉంది.

“నాలుగు రోజుల్లో ఇంత గడ్డమా? నాకైతే నాలుగు నెలలు పడుతుంది,” అన్నాడు బాబాయి తన గడ్డం తడుముకుంటూ.

“అదీ... బొమ్మలు వేసినాయన తప్పు వేశాడు,” అంది రేడియో. చెవులు వేడెక్కిపోయాయి.

మాస్టర్ తాత కత్తెర కింద పెట్టాడు. “బొమ్మలే కాదులే, కథే తప్పుగా ఉంది. మొదట్లో ఎంత బాగుండేది! ఇప్పుడు ఆ పొగగడ్డానికి ఒక్క కష్టమూ లేదు. గడ్డం ఇచ్చేసి హాయిగా తిరుగుతున్నాడు. కష్టమే లేనివాడి గురించి ఎంతసేపని వింటాం? ఆ పుస్తకం రేపు లైబ్రరీలో ఇచ్చెయ్ తల్లీ. పాత రేడియోనే బాగు చేయించుకుందాం.”

ఆయన మళ్ళీ పోయిన ఏడాది లాగే తల వంచుకుని పనిలో పడ్డాడు.

రేడియో పుస్తకాన్ని తన వైపు లాక్కుంది. తాత ఏడవకూడదని ఇదంతా చేసింది. ఆయన ఏడవలేదు, నిజమే. కానీ నవ్వు కూడా పోయింది. పైగా ఇంత మంచి పుస్తకానికి చెడ్డపేరు వచ్చింది.

“తాతా, తప్పు పుస్తకానిది కాదు,” అంది. “నాదే.”

అందరూ ఆమె వైపు తిరిగారు.

రేడియో అంతా చెప్పేసింది. ఆదివారం చదివేసిన సంగతి, గడ్డం సంగతి, ఎగరగొట్టిన పిచ్చుక సంగతి. “పొగగడ్డం గడ్డం ఇవ్వలేదు తాతా. తన జ్ఞాపకం ఇచ్చేశాడు. కత్తిపిల్లనే మర్చిపోయాడు. ‘ఎవరమ్మా నువ్వు’ అన్నాడు. అది వింటే నువ్వు ఏడుస్తావని...” అంటూ తల వంచుకుంది.

“ఏం పనే ఇది?” అంది అమ్మ కంగారుగా. తాత చెయ్యి ఎత్తి ఆమెను ఆపాడు.

ఆయన స్టూలు లాక్కుని రేడియో ఎదురుగా కూర్చున్నాడు.

“ఏడుస్తానేమో. ఏడిస్తే ఏమైంది? అది నా ఏడుపు తల్లీ. నా కోసం నువ్వు దాచిపెడితే ఎలా?” అన్నాడు. “నువ్వు ఏడ్చావా?”

“దిండు తడిసిపోయింది తాతా.”

“ఒక్కదానివే కూర్చుని ఏడ్చావా? అదీ నాకు బాధ. ఆ పేజీ తియ్యి.”

రేడియో పేజీ తీసింది. మొదట బాగానే చదివింది. రాతి రాణి వచ్చింది. కత్తిపిల్ల పాదాలు రాయి అయ్యాయి, నడుము రాయి అయింది. పొగగడ్డం తన జ్ఞాపకాలన్నీ వెతుక్కుని, మిగిలిన ఆ ఒక్కదాన్నీ అరచేతిలో పెట్టుకున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. రాయి పగిలింది.

తర్వాతి వాక్యం దగ్గర రేడియో ఆగింది. కళ్ళు వాటంతట అవే కింది పేరాకు దూకేశాయి. ఆమె తల ఎత్తి తాతను చూసింది. ఆయన కళ్ళు అప్పటికే తడిసి ఉన్నాయి. అయినా చెవి ఇటే పెట్టి ఉన్నాడు.

రేడియో వేలు వెనక్కి తెచ్చి ఆ వాక్యం మీద పెట్టింది.

“‘ఎవరమ్మా నువ్వు?’ అని అడిగాడు పొగగడ్డం,” అని చదివింది.

మాస్టర్ తాత ఏడ్చాడు. కుళాయి చప్పుడు చాటున కాదు, అందరి ముందూ ఏడ్చాడు. చేతికందిన గుడ్డముక్కతో కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ ముక్కు ఎగబీల్చింది. గుండీల అక్క సూది గుచ్చడం మానేసింది. ఇస్త్రీ బాబాయి గోడవైపు తిరిగి, “ఈ ఆవిరి ఒకటి, కళ్ళలోకి కొడుతోంది,” అన్నాడు. ఇస్త్రీపెట్టె ప్లగ్ తీసేసి అప్పటికి పావుగంట అయింది.

“కానియ్,” అన్నాడు తాత. “ఆపావేం? ఆ పిల్ల ఏమంది?”

అప్పుడు రేడియో వదిలేసిన పేజీలన్నీ ఒక్కొక్కటే చదివింది. మర్నాడు తెల్లారింది. కత్తిపిల్ల పొగగడ్డం ముందు కూర్చుని, “నేను కత్తిపిల్లని. మనిద్దరం స్నేహితులం,” అంది. “నిజంగానా! నాకింత మంచి స్నేహితురాలు ఉందా!” అని పొగగడ్డం ఎగిరి గంతేశాడు. ఆ మర్నాడూ అంతే. ఆపై మర్నాడూ అంతే. రోజూ మర్చిపోవడం, రోజూ గంతేయడం.

మూడో గంతు దగ్గర తాత ఫక్కుమన్నాడు. చెంపల మీద తడి ఇంకా ఆరనే లేదు.

“అచ్చం ఇంతే!” అన్నాడు. “మా ఆవిడ కూడా రోజూ పొద్దున్నే అడిగేది, ‘మీరెవరండీ’ అని. ‘టైలర్నండీ’ అనేవాణ్ణి. ‘అయితే నాకో గౌను కుట్టిపెట్టండి, చూడ్డానికి మంచివాళ్ళలా ఉన్నారు’ అనేది. ఆ చివరి ఏడాదిలో పదకొండు గౌన్లు కుట్టించుకుంది మహాతల్లి!”

“పదకొండా!” అంది గుండీల అక్క.

“ప్రతిదానికీ రెండేసి జేబులు. జేబు లేకపోతే ఒప్పుకునేదే కాదు.”

అందరూ ఒకేసారి నవ్వారు. మామ్మ పోయాక ఆయన మామ్మ గురించి మాట్లాడడం అదే మొదటిసారి. అమ్మ ఆ గౌన్ల రంగులు అడిగింది. ఆయన పదకొండూ వరసగా చెప్పాడు. ఒక్కటి కూడా మర్చిపోలేదు.

“సరే, సరే. తర్వాత ఏమైందో చదువు,” అన్నాడు చివరికి, కత్తెర అందుకుంటూ.

రేడియో కొత్త పేజీ తిప్పింది. ఇక్కడి నుంచి ఆమె కూడా చదవలేదు. మొదటి వాక్యంలోనే కత్తిపిల్లకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. ఆ పిల్ల బతుకుతుందో లేదో రేడియోకూ తెలీదు. గట్టిగా ఊపిరి పీల్చుకుని, పేజీలో ఉన్నది ఉన్నట్టు పైకి చదివింది.