ఒకే గదిలో రెండు విలువలు

సోమవారం నేను చేయాల్సిన పనులు ఇవి. చొక్కా ఇస్త్రీ చేసుకోవడం. నాన్నకి ఫోన్ చేయడం. పద్నాలుగో నంబరు గదిలో మొదటి క్లాసు చెప్పడం. శుక్రవారం సాయంత్రంలోగా నీతిశాస్త్రం పేపరుకి ఇరవై పేర్లు రాయించడం.

ఇరవైకి ఒక్కటి తగ్గినా పేపరు ఎత్తేస్తారు, దాంతోపాటు నన్నూ. సాయంత్రం క్లాసు కాబట్టి బయటివాళ్ళు కూడా చేరొచ్చు. అదొక్కటే ఆశ. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి నేనే. లెక్చరర్‌నయ్యానని నాన్న ఊరంతా చెప్పుకుని మూడు వారాలు కూడా కాలేదు.

గదిలోకి వెళ్ళేసరికి బోర్డు మీద "విలువ" అని రాసి ఉంది. పక్కన చాక్‌పీసుతో ఒక అమ్మాయి.

"ఇది నా క్లాసండి. నీతిశాస్త్రం. విలువల మీద పాఠం."

"నాదీ విలువ మీదే. ఎకనామిక్స్. ధర ఎలా పుడుతుందో చెప్పాలి."

టైమ్‌టేబుల్ వేసిన గుమాస్తా రెండు కాగితాల్లోనూ ఒకే మాట చూసి, ఒకే పాఠం అనుకుని ఇద్దరినీ ఒకే గదిలో పడేశాడు.

"ఎవరో ఒకరు బయటికి వెళ్ళాలి," అన్నాను.

"బయట వాన. ఆడపిల్లని తడవమంటుందా మీ నీతి?"

"నీతికి ఆడా మగా తేడా లేదండి."

"అయితే మీరే తడవండి."

క్లాసంతా గొల్లున నవ్వింది. ఇద్దరం కదల్లేదు.

ఆమే మొదలుపెట్టింది. "కొత్త సినిమా టిక్కెట్టు బ్లాకులో మూడింతలు. అమ్మేవాడికీ ఇష్టమే, కొనేవాడికీ ఇష్టమే. తప్పెక్కడుంది?"

"పొద్దుటి నుంచి లైన్లో నిలబడి ఉత్తి చేతులతో ఇంటికెళ్ళినవాడి దగ్గరుంది."

"వాడికి సినిమా అంటే అంత ఇష్టం లేదేమో."

"ఇష్టం ఉంది. డబ్బే లేదు."

రెండో బెంచీలో ఒకమ్మాయి లేచింది. "మేడమ్, మరి ఓటు? అక్కడా అమ్మేవాడికీ ఇష్టమే, కొనేవాడికీ ఇష్టమే కదా."

మేడమ్ చాక్‌పీసు బల్ల మీద పెట్టేసి, నావైపు చూసి నవ్వేసింది. ఓడిపోయిన మొహం అంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

ఆ వారమంతా ఇద్దరం కలిసే చెప్పాం. గురువారానికి పంతొమ్మిది పేర్లు వచ్చాయి.

"చేరితే ఐదు మార్కులని చెప్పండి, పరిగెత్తుకొస్తారు," అంది.

"అది ఓటు కొన్నట్టేనండి."

"మీతో వేగడం కష్టం," అంటూ కాగితం లాక్కుని తన పేరే రాసేసింది.

ఎగిరి గంతెయ్యాల్సింది. కుర్చీలో కూలబడ్డాను.

"ఏమైంది?"

"మీకొక మాట చెప్దామనుకున్నాను. ఇప్పుడు మీరు నా స్టూడెంటు. మార్కులు వేసేవాణ్ణి, ఆ మాట చెప్పకూడదు."

"ఏ మాట?"

"అది చెప్తే చెప్పేసినట్టే కదండీ."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను తీసి తన పేరు అడ్డంగా కొట్టేసింది.

"ఇప్పుడు చెప్పండి."

"నా ఉద్యోగం పోతుంది."

"తెలుసు. చెప్పండి."

చెప్పాను.

"బ్లాకులో అమ్మినా కొనేదాన్ని ఈ మాట," అంది, నేల చూస్తూ.

శుక్రవారం ఆఫీసు మూయడానికి పది నిమిషాలుందనగా, ఆమె తన తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి.

"పేరు రాసి కొట్టేసిందట మా అమ్మాయి. ఎవరి కోసమో చూద్దామని వచ్చాను. నువ్వేనా బాబూ?"

"నేనేనండి."

"ఐదు మార్కులు పారేస్తే దక్కే ఉద్యోగాన్ని వదులుకుంటున్నావట?"

"అవునండి."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ముప్పై ఏళ్ళు బస్సులో తిరిగాను. టిక్కెట్టు కొనలేని ముసలమ్మని దించాలా వద్దా అని రోజూ లోపల్లోపల కొట్టుకున్నాను. నువ్వు చెప్తావా?"

"నాకూ తెలీదండి. కలిసి ఆలోచిద్దాం."

"పెన్నివ్వు," అని పెద్ద పెద్ద అక్షరాలతో ఇరవయ్యో పేరు రాసింది. "మార్కులు తగ్గితే పిల్లనివ్వను సుమా."

"తప్పు రాస్తే తగ్గుతాయండి."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను కాసేపు చూసింది. కూతురి వైపు తిరిగి, "ఇతన్నే చేసుకోవే," అంది.

పేపరు నిలబడింది. ఆవిడకి నూటికి నలభై రెండు వేశాను. పెళ్ళికి వచ్చినవాళ్ళందరికీ ఆ సంగతి ఆవిడే గొప్పగా చెప్పుకుంది.

మా ఇద్దరినీ మర్చిపోయినా ఫర్వాలేదు. ఈసారి బస్సెక్కి టిక్కెట్టు తీసుకునేటప్పుడు మాత్రం మా అత్తగారిని ఒక్కసారి తలుచుకోండి.