విప్పని మూట

చలికాలపు శుక్రవారం, సాయంత్రం నాలుగుకే గ్రీనాక్ ఊళ్లో చీకటి పడింది. వాన మామూలే. పిల్లల సంక్షేమ ఆఫీసులో పనిచేసే కర్స్టీ కారు నడుపుతోంది. వెనక సీట్లో ఏడేళ్ల ఎఫీ, ఎర్ర కోటులో. పక్కన నల్ల చెత్త సంచి. సొంతవాళ్ల దగ్గర ఉండే వీల్లేక ఆఫీసు చూపిన ఇళ్లకు మారే పిల్లల బట్టలు అందులోనే కుక్కి పంపుతారు. ఆఫీసు గోడ మీద మాత్రం ‘ప్రతి బిడ్డా మన బిడ్డే’. మన బిడ్డ బట్టలు మనం చెత్త సంచిలో పెడతామా?

సంచి మూతికి ఎఫీ ఆకుపచ్చ రిబ్బనుతో రెండు ముడులు వేసింది. ఈ పిల్లలకో నియమం ఉంది: ఉండనిస్తారని నమ్మకం కుదిరేదాకా మూట విప్పరు. ఎఫీకిది అయిదో ఇల్లు. ఇంతవరకూ ఎక్కడా విప్పలేదు.

దారి పొడుగునా ఆ పిల్ల సంచికి చెవి ఆనించి గుసగుసలాడుతోంది. ఎవరితోనే అని అడిగింది కర్స్టీ.

“షోనాతో. మిసెస్ బాల్ఫర్ ఇంట్లో ఉండేదట. ఇంకా అక్కడే ఉందట.”

ఇప్పుడు ఎఫీని దించబోయేది ఆ ఇంట్లోనే. పరాయి పిల్లల్ని సాకే మిసెస్ బాల్ఫర్ ఫైలు కర్స్టీ పొద్దున్నే తిరగేసింది. షోనా, ఎనిమిదేళ్లు, ‘వేరే చోటికి మార్చాం’. ఏ చోటికో రాయలేదు. సోమవారం కనుక్కుందాంలే అని, ఎఫీని అక్కడ ఉంచే కాగితం మీద సంతకం పెట్టేసింది.

కారు ఆపి పై అధికారి ఫెర్గస్‌కి ఫోన్ చేసింది. పిల్లను వెనక్కి తెస్తానంది.

“తెచ్చి ఎక్కడ పడుకోబెడతావు తల్లీ, నా బల్ల మీదా? వేరే ఇల్లు లేదు. దించేసి రా.”

మిసెస్ బాల్ఫర్ తలుపు తీసింది. సూప్ వాసన. దాని అడుగున... తడి మట్టి వాసన. ఎఫీ కర్స్టీ చెయ్యి వదల్లేదు.

“నన్ను తీసుకుపో అక్కా. కారు సీట్లోనే పడుకుంటా. గొడవ చెయ్యను.”

“సోమవారం వస్తానే.”

“షోనాకీ అట్లాగే చెప్పారట.”

కర్స్టీ ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది. సంచిని తన చేత్తోనే గుమ్మం లోపల పెట్టింది. తలుపు మూసుకుంది.

కారెక్కి తాళం తిప్పింది. గంట మోగింది. సీట్లో మనిషి ఉండి బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట. తన బెల్టు పెట్టుకునే ఉంది...

అద్దంలో చూసింది. వెనక సీట్లో నల్ల సంచి. ఆకుపచ్చ రిబ్బను. రెండు ముడులు.

పరుగెత్తి తలుపు బాదింది. మిసెస్ బాల్ఫర్ నవ్వుతూ తీసింది. బల్ల దగ్గర ఎర్ర కోటులో ఒక పిల్ల సూప్ తాగుతోంది. చుట్టూ బట్టలు పరిచి ఉన్నాయి. ఆ పిల్ల తల తిప్పింది.

ఎఫీ కాదు. ఎనిమిదేళ్లుంటాయి. గోళ్ల నిండా మట్టి.

“మూట విప్పేశానక్కా. ఇంక ఇక్కడే ఉంటా.”

“ఎఫీ ఇట్టే కుదురుకుంది, రాసుకోండి,” అంది మిసెస్ బాల్ఫర్.

కాదని ఎవరికి చెప్పాలి? ఎట్లా చూపాలి? ఎఫీ ఫైల్లో ఫొటో లేదు. ఉన్నదల్లా తన సంతకం.

వెనక వానలో కారు గంట మోగుతూనే ఉంది... మోగుతూనే ఉంది...

టక్కున ఆగింది. గొడవ చెయ్యనన్న పిల్ల బెల్టు పెట్టుకున్నట్టు.