చిక్కటి ఆయిల్, చిక్కిన గూఢచారి

చెవిలో దాచిన రిసీవర్ గరగరలాడింది. "టర్బో, ముందు ఆయన సంగతి చూడు. అక్కడ తేడా వస్తే మిషన్ మొత్తం పోయినట్టే."

ఏజెంట్ టర్బో ర్యాలీ కార్ల గ్యారేజీలోకి తొంగి చూశాడు. లోపల ఉన్న 'ఆయన' ఒక్కడే. గూఢచారి బ్యూరో వారి ఎర్ర స్పోర్ట్స్ కారు బానెట్ ఎత్తి, నడుము దాకా ఇంజన్‌లోకి దూరి ఏదో కెలుకుతున్నాడు. తలకు మంకీ టోపీ, మెడకు మఫ్లర్. కనిపిస్తున్నదల్లా వెనక భాగమే. వెనక భాగాన్ని చూసి మనిషిని గుర్తుపట్టే శిక్షణ బ్యూరోలో ఇవ్వరు.

టర్బో పిల్లిలా నడిచాడు, పులిలా దూకాడు, మణికట్టు పట్టి మెలిపెట్టాడు. కటుక్కుమంది.

"చెప్పు. కారులో బాంబు పెట్టావా, బగ్ పెట్టావా?"

"డిప్‌స్టిక్ పెట్టాను బావా," అంది ఇంజన్‌లోంచి ఒక గొంతు. "నా చెయ్యి నాకిచ్చేస్తే తీస్తాను."

ఆ గొంతు సాక్షాత్తు భార్య అన్నగారిది. బ్యూరో గ్యారేజీకి పెద్ద. బండి కంటే తన నోరే ఎక్కువ మైలేజీ ఇస్తుందని తనే చెప్పుకునే మనిషి. ఈ మిషన్‌లో చెడిపోయిన కార్లను లాక్కెళ్లే టోయింగ్ ట్రక్కు డ్రైవర్ వేషం వేశాడు.

రిసీవర్ ఈసారి శుభ్రంగా పలికింది. "ఏమయ్యా, ఆయిల్ సంగతి చూశావా?"

"ఆయిలా సార్?"

"ఆయిలే. ఇందాకటి నుంచీ మొత్తుకుంటున్నది దాని గురించేగా. కారుకు సరైన ఆయిల్ పోయించు."

టర్బో తల భూమిలోకి దిగిపోవాలనుకుంది. గ్యారేజీది సిమెంటు నేల కావడంతో ఆగిపోయింది. బావగారి మణికట్టు అప్పుడే బన్నులా పొంగుతోంది.

"నువ్వెళ్లి కట్టు కట్టించుకో బావా. ఆయిల్ నేను పోస్తాను."

"ఏది పొయ్యాలో తెలుసా?"

తెలియదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఇంట్లో కూర్చుని కార్ల గురించి ఇదే బావకు ఎన్నిసార్లు ఉపన్యాసాలిచ్చాడు! ఇప్పుడు అతని చెయ్యి విరిచి, అతన్నే పాఠం చెప్పమని అడగాలి. చెయ్యి విరవడానికి పట్టని సిగ్గు, నోరు విప్పడానికి పట్టుకుంది.

"నన్నా అడుగుతున్నావు? నా ఒంట్లో పారేది రక్తం అనుకుంటున్నావా?"

బావ తన మణికట్టు వైపు ఒకసారి, టర్బో వైపు ఒకసారి చూశాడు. నోరు మూసుకుని వెళ్లిపోయాడు. ఆ నోరు మూతపడటం టర్బో ఎరిగి ఇదే మొదలు. తిట్టినా బాగుండేది.

మిషన్ చిన్నదేమీ కాదు. మన జలాంతర్గాములు సముద్రం అడుగున ఎక్కడున్నాయో శబ్దాన్నిబట్టి పట్టిచ్చే ఒక చిప్ దొంగిలించబడింది. అది సరిహద్దు దాటితే ఆ జలాంతర్గాముల్లో ఉన్నవాళ్లెవరూ మళ్లీ పైకి రారు. ఈ కొండ ఊళ్లో జరిగే కార్ల ర్యాలీలో విదేశీ ముఠా మనిషి ఒకడు దాన్ని అందుకుని, తన వెండిరంగు స్పోర్ట్స్ కారులో సరిహద్దు గేటు దాటేస్తాడు. పగలూ రాత్రీ నల్ల కళ్లద్దాలు తియ్యడు కాబట్టి బ్యూరోలో వాడి పేరు గాగుల్స్. వాణ్ణి వెంటాడి పట్టుకోవడం టర్బో పని. వాడి పక్కనే తిరిగే అందగత్తె రేసర్ మేడమ్ ఎవరి మనిషో, రిసీవర్‌లో మాట్లాడే బ్యూరో పెద్దాయన ఒక్కడికే తెలుసు. ఒక ఏజెంటు ఎవరో ఇంకో ఏజెంటుకు తెలియనివ్వకపోవడం బ్యూరో పద్ధతి.

టర్బో వేషం: ఆయిల్ కంపెనీ టెక్నికల్ అడ్వైజర్. తెల్ల కోటు, బ్యాడ్జి, గుండీలో కెమెరా, జేబులో కనిపించని సిరాను చదివే అల్ట్రావయొలెట్ టార్చి. ఎదురుగా అలమర నిండా ఆయిల్ డబ్బాలు. ఒకదాని మీద 0W-40, ఒకదాని మీద 5W-30, ఇంకోదాని మీద 20W-60. W అంటే వెయిట్ అయి ఉంటుందనుకున్నాడు టర్బో. బరువు ఎక్కువైతే బలమూ ఎక్కువే. పైగా ఆ ఇరవై-అరవై డబ్బా మీద మంటల బొమ్మ ఉంది. పక్క డబ్బాల మీద అదీ లేదు. మూత తిప్పి వంచాడు. ఆయిల్ కారుతోందా, ఆలోచిస్తోందా అన్నంత చిక్కగా దిగింది.

"అడ్వైజర్‌గారూ, మా బండికి కూడా అదేనా?"

మేడమ్. వెనకాల గాగుల్స్.

"అదే మేడమ్. మీ బండిలాంటి బండికి చిక్కటిదే పట్టు. పల్చటిది పోస్తే జారిపోతుంది."

"ఆయిల్ జారడానికే కదండీ? పైగా మా ఇంజన్ మూత మీద ఏదో నంబరు రాసుంది..."

"మూత మీద రాతలన్నీ లాంఛనం మేడమ్. అనుభవం మీద చెబుతున్నాను."

మేడమ్ కళ్లల్లో ఏదో మెరిసింది. మెప్పు అనుకున్నాడు టర్బో. గాగుల్స్ మాత్రం తల పంకించాడు. "ఈయనకి విషయం తెలుసు. అదే పొయ్యండి."

మరునాడు పొద్దున ర్యాలీ మైదానం మంచు గడ్డకట్టి అద్దంలా ఉంది. కాఫీ కప్పు అడుగున చిప్ చేతులు మారడం గుండీ కెమెరాలో పడింది. గాగుల్స్ స్టీరింగ్ మేడమ్‌కు ఇవ్వకుండా తనే కూర్చున్నాడు. వెండి కారు దూసుకుపోయింది. టర్బో ఎర్ర కారు ఎక్కి, తాళం తిప్పీ తిప్పగానే యాక్సిలరేటర్ నేలకు తొక్కాడు.

కారు గర్జించింది. తర్వాత దగ్గింది. ఆ తర్వాత ఎవరో లోపలి నుంచి సుత్తితో తలుపు తట్టినట్టు టకటకమంది. డాష్‌బోర్డు మీద ఆయిల్ దీపం ఎర్రగా వెలిగింది. ఆ ఎరుపు టర్బో చెవుల్లోకి పాకింది. రెండో మలుపులో ఒక పెద్ద చప్పుడు, బానెట్ సందుల్లోంచి నల్ల పొగ, ఆపైన నిశ్శబ్దం.

బానెట్ ఎత్తాడు. మొహమంతా మసి కొట్టింది. ఆ మసిలోంచి చూస్తే ఎదురుగా ఆయిల్ పోసే మూత, దాని మీద తెల్లటి అక్షరాలు: 0W-40. కనిపించని సిరాను చదివేవాడికి కనిపించే అక్షరాలు కనిపించలేదు. జలాంతర్గాముల్లో ఉన్నవాళ్లు గుర్తొచ్చి, వెండి కారు పోయిన వైపు నాలుగడుగులు పరిగెత్తాడు.

టోయింగ్ ట్రక్కు వచ్చి ఆగింది. బావ ఒంటిచేత్తో నడుపుతున్నాడు.

"గ్యారేజీ నుంచే విన్నాను బావా, నీ ఇంజన్ ఏడుపు. W అంటే వింటర్. ముందు నంబరు ఎంత చిన్నదైతే చలిలో అంత తొందరగా పారుతుంది. నువ్వు పోసింది పైకి ఎక్కేలోపే ఇంజన్ ఎండిపోయి పట్టేసింది. నన్నొక మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?"

"అడగడానికి మొహం చెల్లలేదు బావా."

"ఇప్పుడా మొహం ఎలాగూ కనపడట్లేదు. ఎక్కు."

ట్రక్కు కొండ దిగింది. ఆఖరి మలుపు తిరగ్గానే టర్బో కళ్లు నులుముకున్నాడు. సరిహద్దు గేటుకు కూతవేటు దూరంలో వెండి కారు పొగలు కక్కుతూ నిలబడి ఉంది. అదే ఆయిల్, అదే చలి, అదే తొందర. గాగుల్స్ రోడ్డు మధ్యకు వచ్చి రెండు చేతులూ ఊపాడు.

"ఏయ్, ట్రక్కూ! ఆ గేటు అవతలికి లాగు. త్వరగా."

"అలాగే సార్," అన్నాడు బావ. "మీరు మేడమ్‌గారితో కారులోనే కూర్చోండి. బయట చలి."

టర్బో దిగి గొలుసు తగిలించాడు. గాగుల్స్ ఆ మసి మొహాన్ని చూసి కూడా గుర్తుపట్టలేదు. ఇంతకాలం వేసిన మారువేషాలన్నిటిలో బాగా కుదిరింది ఇదే, దీనికి మేకప్ ఖర్చు కూడా లేదు. వెండి కారు వెనక చక్రాలు గాల్లోకి లేచాయి. అవతలి కాపలావాళ్లు తమ మనిషిని చూసి గేటు ఎత్తారు. ట్రక్కు ముక్కు గేటు కిందికి దూరబోయింది.

బావ తన మంచి చేత్తో స్టీరింగ్ పూర్తిగా తిప్పాడు. ట్రక్కు గుండ్రంగా తిరిగి, వచ్చిన దారినే కొండెక్కసాగింది. వెనక కారులో గాగుల్స్ కోటు జేబులో చెయ్యి పెట్టి, ఇంకో జేబులో పెట్టి, సీటు కింద తడిమాడు.

"దీనికోసమా వెతుకుతున్నారు?" అంది మేడమ్, వాడి పిస్తోలు వాడికే గురిపెట్టి.

మధ్యాహ్నం గ్యారేజీలోనే డీబ్రీఫింగ్, అంటే జరిగినదంతా ఒప్పజెప్పే సమావేశం. చిప్ బల్ల మీద ఉంది. పెద్దాయన లేచి టర్బోతో చెయ్యి కలిపాడు.

"భేష్. శత్రువు చేతే అవుననిపించి శత్రువు కారులో తప్పుడు ఆయిల్ పోయించావు. నీ పేరు పతకానికి రాస్తున్నాను."

"నేనూ అదే అనుకున్నాను," అంది మేడమ్. "ఎంత గుండెధైర్యం అనుకుని నా చేత్తో నేనే పోశాను. ఒకటే అర్థం కాలేదు. మరి మన కారులో కూడా అదే ఎందుకు పోశారు?"

అందరూ టర్బో వైపు చూశారు. బావ నేలకేసి చూశాడు. చెప్పేద్దామనుకుంటే అతనొక్క మాటలో చెప్పేయగలడు. చెప్పలేదు. అది టర్బోను ఇంకా కాల్చింది.

"పతకం వద్దు సార్," అన్నాడు. "అది ఎత్తు కాదు, నా తెలివితక్కువతనం. మీరు ఆయిల్ అంటే నేను ఆయన అనుకుని మా బావ చెయ్యి విరిచాను. విరిచాక ఆయన్ని అడగడానికి సిగ్గేసి, తెలియకపోయినా తెలిసినట్టు పోశాను. మేడమ్ అడిగితే ఆవిడకీ అదే చెప్పాను. మూత మీద రాసే ఉంది సార్. నేనూ వాడూ ఇద్దరం చిక్కుల్లో పడ్డాం, వాడు చిక్కాడు, అంతే. దారి మధ్యలో నా కారు చచ్చినప్పుడు ఆ జలాంతర్గాములూ పోయాయనే అనుకున్నాను."

పెద్దాయన పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

బావ ఫోను మోగింది. ఎత్తి విని, కట్టు ఉన్న చేత్తోనే టర్బోకి అందించాడు.

"మా చెల్లాయి. నా చెయ్యి ఎవరు విరిచారని అడుగుతోంది. అందరికీ చెప్పావుగా బావా, ఈ ఒక్కరే మిగిలారు."

టర్బో ఫోను అందుకుని గొంతు సవరించుకున్నాడు. ఈ మిషన్‌కు మాత్రం బ్యూరో కోడ్ వర్డూ ఇవ్వలేదు, మారువేషమూ ఇవ్వలేదు.