కె స్ట్రీట్‌లో మూగబోయిన గంట

"మధ్యాహ్నం ఒంటిగంటకు కవరు చేతులు మారుతుంది. రాత్రికల్లా ఆంటన్ ఉండడు," అన్నాడు ఓస్గుడ్ ఫైలు మూస్తూ.

ఆంటన్ ఎవరో జోన్ విట్కమ్‌కు చెప్పనక్కర్లేదు. శత్రుదేశపు రేవులో గుమాస్తాగా ఉంటూ మూడేళ్లుగా తమ గూఢచారి విభాగానికి సమాచారం పంపుతున్నవాడు. "నీ పేరు ఎన్నటికీ బయటికి రాదు" అని అతనికి మాటిచ్చింది తనే.

"కవరు ఎవరి దగ్గరుంది, సార్?"

"హార్లన్ ప్రూయిట్. ఇరవై ఎనిమిదేళ్లు చట్టసభలో, కాంగ్రెస్‌లో సభ్యుడిగా ఉన్నాడు, ఇంటెలిజెన్స్ కమిటీలో కూర్చుని వినకూడనివన్నీ విన్నాడు. ఓడిపోయాక తనలాంటి మాజీలను మరో ముగ్గురిని పోగేసి, డబ్బిచ్చినవాళ్ల తరఫున సభ్యులను మంచి చేసుకునే లాబీయింగ్ సంస్థ పెట్టాడు. ఆంటన్ పేరు, ఫొటో ఇవాళ సెలెస్ట్ వార్గాకు ఇస్తాడు."

"సెలెస్ట్ మన మనిషే కదా?"

"సోమవారం దాకా. ఇవాళ మంగళవారం." ఓస్గుడ్ కళ్లజోడు తీశాడు. "కవరు చిక్కితే వాళ్లను పట్టుకోడానికి కింద మనవాళ్లు సిద్ధంగా ఉన్నారు. చిక్కకపోతే అరెస్టు వారెంటు మీద ఏ జడ్జీ సంతకం పెట్టడు."

లాబీయింగ్ సంస్థలు బారులు తీరిన కె స్ట్రీట్‌లో, ప్రూయిట్ సంస్థ భోజనాల గదిలో జోన్ వారం రోజులుగా వడ్డిస్తోంది. తలకు నెరిసిన విగ్గు, చెవిలో వినికిడి యంత్రం. అందులో వినబడేది మాత్రం ఓస్గుడ్ గొంతే.

బల్ల చుట్టూ నలుగురు మాజీలు, మధ్యలో పగడపు రంగు గౌనులో సెలెస్ట్. ప్రూయిట్ ఎడమచేయి తోలు ఫోల్డరు మీద నుంచి కదలడం లేదు. పీతమాంసం వడలు కూడా ఒంటిచేత్తోనే తింటున్నాడు.

"ఆ చేతికి దెబ్బేమైనా తగిలిందా, కాంగ్రెస్‌మన్ గారూ?" అంది సెలెస్ట్.

"అందగత్తెలు పక్కనుంటే ఒక చెయ్యి ఆస్తి మీద ఉంచమని మా అమ్మ చెప్పింది."

"నీకున్న ఆస్తల్లా ఆ చెయ్యేగా," అన్నాడు పక్కాయన. అందరూ నవ్వారు.

ప్రూయిట్ జోన్ వైపు తిరిగాడు. "ఏమమ్మా, కాఫీ ఇస్తావా, దానికీ ఓటింగు పెట్టాలా?"

"పన్నెండు యాభై తొమ్మిది," అన్నాడు ఓస్గుడ్ చెవిలో.

గోడ మీద కాంగ్రెస్ సభ జరిగే కాపిటల్ భవనం నుంచి తెచ్చిన పాత గడియారం ఉంది. సభలో ఓటింగు మొదలైతే రెండుసార్లు గంట కొట్టే రకం. రెండేళ్ల కిందట దాని తీగ తీయించేశారని రిసెప్షనిస్టు మొదటిరోజే చెప్పింది: "ఏం చేస్తారండీ మరి. గంట మోగితే చాలు, పాత అలవాటు కొద్దీ క్లయింటును వదిలేసి నలుగురూ లిఫ్టు దగ్గర తేలేవాళ్లు. పరువు పోయేది." నిన్న గడియారం బాగుచేసే వేషంలో వచ్చిన విభాగం మనిషి ఆ తీగను మళ్లీ కలిపి, దాన్ని మోగించే మీటను జోన్ ఏప్రాన్ గుండీలో అమర్చి వెళ్లాడు.

ప్రూయిట్ ఫోల్డరు తెరిచాడు. కవరు రెండు వేళ్ల మధ్య బయటికి వచ్చింది. సెలెస్ట్ చెయ్యి చాచింది.

జోన్ ఏప్రాన్ గుండీ నొక్కింది.

గంట రెండుసార్లు మోగింది.

నలుగురూ ఒక్కసారే లేచారు. కోటు గుండీలు పెట్టుకున్నారు. ఒకాయన ఓటు కార్డు కోసం జేబు తడుముకున్నాడు.

"ఏ బిల్లు?"

"ముందు నడువు. దారిలో కనుక్కుందాం."

ప్రూయిట్ చేతిలోని కవరు బల్ల మీద పడేసి వాళ్ల వెనకే వెళ్లిపోయాడు.

జోన్ అందుకోబోయింది. సెలెస్ట్ అరచెయ్యి ముందే దాని మీద పడింది.

"విగ్గు జారింది, సరిచేసుకో," అంది సెలెస్ట్ మెల్లగా. "ఇందులో ఉన్నవాడు నీకేమవుతాడు?"

"ఏమీ కాడు. మాటిచ్చాను."

బయట నడవాలో అడుగులు ఆగాయి. "ఇవాళ సభే లేదు కదయ్యా," అంటోంది ప్రూయిట్ గొంతు.

సెలెస్ట్ కవరు వంక చూసింది. "నా పేరు కూడా ఇలాంటి ఏ ముసలాడి జేబులోనో ఉండే ఉంటుంది," అని దాన్ని జోన్ ట్రాలీలో ఎంగిలి పళ్లేల మధ్యకు తోసేసింది. "తీసుకెళ్లు. రేపు బుధవారం, అప్పటికి నేను ఎవరి మనిషినో నాకే తెలియదు."

జోన్ ట్రాలీ వంటగదిలోకి నెట్టి, "దొరికింది" అంది.

విభాగం మనుషులకు లిఫ్టు దగ్గర ముగ్గురే చిక్కారు. నాలుగో భాగస్వామి, ఎనభై రెండేళ్ల ఎమెట్ స్లోన్, జాడ లేకుండా పోయాడు. ఓస్గుడ్ నగరమంతా వెతికించాడు. సాయంత్రం నాలుగింటికి కాపిటల్ నుంచి ఫోను వచ్చింది. ఎవరో పెద్దాయన సభ తలుపు దగ్గర కూర్చున్నాడట, ఎంత చెప్పినా కదలడట. ఏ బిల్లో ఆయనకూ తెలియదు గాని, తాను మాత్రం వ్యతిరేకమని రాసుకోమంటున్నాడట.