ఎనభై ఒకటో ప్రదక్షిణ

ఎల్బీనగర్‌లోని తన ట్రావెల్ ఆఫీసులో ఉపేంద్ర బోర్లా పడి ఉన్నాడు. తల వెనక ఒకే దెబ్బ, ప్రాణం లేదు. పక్క షాపు వాళ్లకు పెనుగులాట వినిపించింది ఉదయం 9:25కి.

పదిన్నరకల్లా స్తెఫనును లాకప్‌లో వేశారు. అతని చెల్లెలు సాధనను ఈ ఆఫీసే నర్సు ఉద్యోగమని దుబాయ్ పంపింది. తీరా వెళ్లాక అక్కడ ఉద్యోగమే లేదు. నిన్న స్తెఫను వచ్చి ఉపేంద్ర కాలర్ పట్టుకున్నాడు. పోలీసులకు ఇంకేం కావాలి? సాయంత్రం నాలుగింటికి కోర్టు, ఆపైన జైలు.

సి.ఐ. అమలకు మాత్రం మింగుడు పడలేదు. ఉపేంద్ర టేబుల్ మీద సగం రాసిన ఫిర్యాదు ఉంది. జనాన్ని మోసం చేసింది తన పార్ట్‌నర్ పట్టాభి అని అందులో రాశాడు. కానీ ఆ సమయానికి పట్టాభి దుబాయ్ విమానం దిగి ఇంకా ఎయిర్‌పోర్ట్‌లోనే ఉన్నాడట.

స్టేషన్ గేటు దగ్గర స్తెఫను తల్లి కిష్టమ్మ అడ్డం వచ్చింది.

"మేడమ్, బిడ్డ ఆడ చిక్కింది. కొడుకు ఈడ చిక్కిండు. నేనెట్ల బతకాలె?"

అమల జీపును దిల్‌సుఖ్‌నగర్‌లో పట్టాభి ఇంటి వైపు తిప్పించింది.

పట్టాభి తడుముకోకుండా టికెట్ చూపించాడు. దుబాయ్ నుంచి హైదరాబాద్. దాదాపు రెండున్నర వేల కిలోమీటర్లు, మూడు గంటల నలభై అయిదు నిమిషాలు. దిగే టైము 9:10. శంషాబాద్ నుంచి ఎల్బీనగర్‌కు ఎంత వేగంగా తోలినా నలభై నిమిషాలు. పదిహేను నిమిషాల్లో ఎవడూ రాలేడు.

"లగేజీ?"

"చేతి బ్యాగ్ ఒక్కటేనండి."

"ఇంటికి ఎన్నింటికి వచ్చారు?"

"పదీ ఇరవై."

అతని భార్య కుసుమకుమారి ప్లేటులో అప్పాలు తెచ్చింది. "తీసుకోండమ్మా, కర్మన్‌ఘాట్ స్వామి ప్రసాదం. ఈయన విమానం దిగేదాకా ప్రదక్షిణలు చేస్తానని నా మొక్కు. ఆరున్నరకి మొదలెడితే ఎప్పుడూ నూట ఎనిమిది అవుతాయి. ఇవాళ స్వామి దయ, ఎనభై ఒకటికే దించేశాడు."

పట్టాభి చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది.

"దిగిందని ఎలా తెలిసింది?" అమల నెమ్మదిగా అడిగింది.

"ఫోన్‌లో విమానం బొమ్మ చూసుకుంటూనే తిరుగుతానండీ. ఎనిమిదిన్నరకి దిగిందని చూపించింది. పాపం, పాస్‌పోర్ట్ లైన్లో ఈయన్ని చాలాసేపు నిలబెట్టేశారంట."

అమల ఎయిర్‌పోర్ట్‌కు ఫోన్ చేసింది. రెండు నిమిషాల్లో తేలిపోయింది. పడమటి గాలి వెనక నుంచి తోయడంతో విమానం నలభై నిమిషాలు ముందే దిగింది. అందరూ టికెట్ చూశారు. విమానం నిజంగా ఎప్పుడు దిగిందో ఎవరూ అడగలేదు.

"పాస్‌పోర్ట్ లైన్లో రద్దీ లేదట, లగేజీ లేదు. 8:45కి బయటపడ్డారు. 9:25కి ఎల్బీనగర్‌లో ఉన్నారు," అంది అమల. "మీరు టికెట్లు అమ్మే మనిషి. టికెట్ మీది టైమునే జనం నమ్ముతారని మీకు బాగా తెలుసు."

పట్టాభి ఆమె వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు.

"నిన్నెవరు లెక్కపెట్టమన్నారు?" అన్నాడు.

అతన్ని జీపు ఎక్కించారు. స్తెఫనును కోర్టుకు తీసుకెళ్లొద్దని, ఆ మాట ముందు కిష్టమ్మకు చెప్పమని అమల స్టేషన్‌కు ఫోన్ చేసింది. అప్పటికి 3:20.

కుసుమకుమారి గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతిలో ప్లేటు అలాగే ఉంది.

"నాదే తప్పమ్మా," అంది. "మిగతా ఇరవై ఏడూ తిరిగేయాల్సింది."