రాసినవారు: ఆనంద్ బాబు

"మా అమ్మ నీకెప్పుడు అమ్మయింది?"

మార్కాపురం కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఆనంద్ బాబు ఉలిక్కిపడి తలెత్తాడు. ఎదురుగా వందన. మూడేళ్లుగా ఇద్దరిదీ ఒకే డిగ్రీ క్లాసు. ఆమె గొంతు సరిగ్గా వినడం ఇదే మొదటిసారి.

"ఏంది వందనా?"

ఆమె ఫోన్ అతని ముఖానికి ఆనేంత దగ్గరగా పెట్టింది. కాలేజీ వెబ్‌సైట్‌లో ఆమె వ్యాసం, 'పలకల ఫ్యాక్టరీలో మా అమ్మ'. కింద, రాసినవారు: ఆనంద్ బాబు.

"అయ్యో! నేను సైట్‌లోకి ఎక్కించినా, అంతే. వ్యాసం ఒకచోట ఉంటాది, దాని వివరాలు ఇంకోచోట. తేదీ, రాసినోళ్ల పేరు, అట్లాంటివి. ఎవరి లాగిన్‌తో ఎక్కిస్తే వాళ్ల పేరే దానంతటదే పడతాది. మార్చడం మర్చిపోయినా."

"మరి గోపాలకృష్ణ సార్ బాగుందంటే థాంక్స్ ఎట్ల చెప్పినావు?"

"సైట్ బాగుందన్నాడనుకున్నా!"

వందనకు నవ్వు రాబోయింది. రానివ్వలేదు. నిన్న పక్కింటివాళ్లు ఆ వ్యాసాన్ని చదువురాని అమ్మకు చదివి వినిపించి, "రాసింది నీ బిడ్డ కాదంట, ఎవరో పిల్లోడంట" అన్నారు. అమ్మ "పోనీలే" అని, రాతిపొడి చేతులు కడుక్కుంది. ఆ "పోనీలే" వందనను రాత్రంతా కాల్చింది.

అతను గబగబా టైప్ చేశాడు. "చూడు. వ్యాసాన్ని ముట్టుకోలేదు. వివరాల్లో పేరొక్కటే మార్చినా."

"కంప్యూటర్లో మార్చినావు. మా అమ్మకెవరు చెప్తారు?"

"నేనే చెప్తా. సాయంత్రం మీ ఊరికి, కొనకనమిట్ల బస్సే ఎక్కుతా."

"సినిమా అనుకున్నావా?"

"కాదు." అతని గొంతు తగ్గింది. "ఎక్కించేటప్పుడు మళ్లీ మళ్లీ చదువుతా కూర్చున్నా. అందుకే వివరాల వైపు చూడలేదు. ఇంత బాగా రాసే పిల్ల నాతో ఒక్క మాటా మాట్లాడదేందని బాధ."

"అందుకని కోపం తెప్పించినావా?"

"దేవుని తోడు, కాదు! కానీ తిట్టినా బాగానే ఉంది."

వందన విసురుగా వెళ్లిపోయింది. చెవులు ఎర్రబడ్డాయని ఆమెకే తెలుసు.

సాయంత్రం వాన. ఆనంద్ బాబు నిజంగానే వచ్చి వందన ఇంటి గడప బయట నిలబడ్డాడు.

"రాసింది వందనే, అత్తా. తప్పు నాది."

వందన అమ్మ రూతమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"లోపలికి రా నాయనా. చదువు, వింటా. ముందు రాసినోళ్ల పేరు చెప్పు."

"వందన."

"గట్టిగా. పక్కింటికి వినపడాల."

"వందన!"

తలుపు చాటు నుంచి వందన గొంతు వినిపించింది. కోపంగానే.

"ఇంకోసారి."