యేసురత్నం జేబులో చీటీలు

"ఈ కంప్యూటర్ల విండోస్ ఏదండీ?" మా అమ్మాయి క్యాథరిన్ గేటు దగ్గరే నిలదీసింది.

"లేదక్కా. లినక్స్ పెట్టిన. వైరస్ రాదు, ఫుల్ ఫ్రీ," అన్నాడు వినోద్ కుమార్.

"అక్కా ఏంది? నీకన్నా చిన్నదాన్ని."

అతను నవ్వాడు. ఇదీ నవ్వింది. నా గుండెల్లో రాయి పడింది.

వినోద్ ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేస్తాడు. క్యాథరిన్ ఉద్యోగాలకు అప్లై చేసుకోవడానికని అతని పాత కంప్యూటర్ కొన్నాం. తిప్పలు ఆ సాయంత్రమే మొదలయ్యాయి. నెట్ డాంగిల్ గుచ్చితే దీపం వెలుగుతుంది, నెట్ మాత్రం రాదు. ఫోన్ చేస్తే, "నెట్‌ల వెతుకు, దొరుకుతది" అన్నాడట.

"నెట్ రావాలంటే నెట్ కావాల్నా?" అని ఇది ఫోన్లోనే అరిచింది.

అతను చెప్పే పొడుగాటి ఇంగ్లీషు లైన్లలో ఒక్క చుక్క తప్పినా ఆ మిషన్ ఒప్పుకోదు. ఫోన్లో లాభం లేదని చీటీలు మొదలుపెట్టారు. మా ఆయన యేసురత్నం ఎయిర్‌పోర్టు స్టాఫ్ బస్సు నడుపుతాడు. టైపు చేయాల్సింది వినోద్ రాసి ఈయన జేబులో పెడతాడు. తెర మీద వచ్చిన తప్పును ఇది రాసి పంపుతుంది.

"మిషన్‌కు దవాఖాన చీటీలే గవి. నీకెందుకే పరేషాన్?" అనేవాడు మా ఆయన.

నేను చదివింది ఏడో తరగతి. ఆ ఇంగ్లీషు నాకు అర్థం కాదు. మూడు వారాలు, రోజుకో చీటీ. చదివినప్పుడల్లా పిల్ల ముసిముసిగా నవ్వుతుంది. మిషన్ మాటలకు ఎవరైనా నవ్వుతారా? ఏదో ఒకరోజు చెప్పకుండా వెళ్ళిపోతుందేమో! మా సాతంరాయి ఊరంతా ఏమనుకుంటుంది? అన్నం సయించడం మానేసింది.

ఉండబట్టలేక నాలుగు చీటీలు బైబిల్లో పెట్టుకుని పాస్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

ఆమె కళ్ళద్దాలు సర్దుకుంది. "అనుమతి లేదు, అని ఉంది."

నేను చీటీ మీదికి వంగాను. "ఎవరియ్యలేదమ్మా? లగ్గానికా?"

"మిషన్ ఇయ్యలేదు వరమ్మా! ఇందుల ప్రేమ లేదు, గీమ లేదు. ఇంటికి పో."

ఆ సాయంత్రం మా ఆయన జేబులో చీటీ నేనే తీశాను. ఈసారి తెలుగు.

"ఆంటీ, మీరు చీటీలు చూసి భయపడుతున్నరని క్యాథరిన్ చెప్పింది. అందుకే మీకే రాస్తున్న. క్యాథరిన్ నాకు ఇష్టం. మా అమ్మను తీసుకొని మీ ఇంటికి రావచ్చునా?"

తల ఎత్తితే గుమ్మంలో క్యాథరిన్. ముఖం పాలిపోయింది.

"నెట్ బాగు చేస్తడనుకుంటే, గిదేందే?"

"నెట్ వచ్చి పది రోజులాయె అమ్మా."

"మరి గీ చీటీలు?"

"రోజుకొకటి నేనే చెడగొట్టి, ఆ తప్పు రాసి పంపిన."

కొట్టాలో నవ్వాలో తెలియలేదు. "నీకు ఇష్టమేనా? నిజం చెప్పు."

చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ తలూపింది. కళ్ళలో నీళ్ళు. నేను కాదన్నా నాకు చెప్పకుండా పోయే పిల్ల కాదని ఆ కళ్ళే చెప్పాయి.

పెన్ను తెమ్మన్నాను. చీటీ వెనక్కి తిప్పి, వంకర అక్షరాలతో రాశాను.

"ఆదివారం ప్రార్థన అయినంక రండి. మబ్బు పట్టింది, మీ అమ్మను బండి మీద తేవద్దు. హైవే మీద లారీలు పిచ్చిగా పోతున్నవి. బస్సులో రండి. బస్సెక్కినంక ఫోన్ చెయ్యి."